నురగలు కక్కిన సౌర్ క్రీమ్

కౌసల్యమ్మ వంటింట్లో, గ్యాసు గట్టు మీద పెట్టిన గిన్నె నోటి వెంట నురగలు కక్కుతోంది.

తెల్లటి నురగ. గంధం వాసన కొడుతున్న నురగ. గిన్నె అంచు దాటి, గట్టు దిగి, నేల మీద మెల్లగా పాకుతూ గడప వైపు వస్తున్న నురగ!

అది చూసి కౌసల్యమ్మ పెట్టిన కేకకు కొట్టంలో బర్రె తాడు తెంపుకుంది. ఆ తర్వాత ఆమె పోలీసులకు ఫోన్ చేసి ఉంటే బాగుండేది. ప్లంబరుకు చేసినా నష్టం లేదు. ఆమె విజేందర్‌కు చేసింది. ఆ రోజు కొత్తకోటలో జరిగిన అనర్థాలన్నింటికీ మూలం ఆ ఒక్క ఫోను.

ఆ ఫోన్ మోగిన సమయానికి విజేందర్ తన సీసీ కెమెరాల దుకాణంలో కాలు మీద కాలు వేసుకుని తన గొప్పతనం గురించి నాకు చెబుతున్నాడు.

"జానయ్యా, తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద మెదడున్న డిటెక్టివ్‌లు ఇద్దరే ఇద్దరు. ఒకడు నీ ముంగట కూసున్నడు."

"రెండోటోడు?"

"అద్దంల ఉంటడు."

నాది పక్క దుకాణం, జిరాక్సు సెంటరు. కరెంటు లేనప్పుడు నాకు పని ఉండదు, అతనికి ఎప్పుడూ ఉండదు. కాబట్టి స్నేహం కుదిరింది. ఊళ్లో కెమెరాలు బిగించి బిగించి, ఆ కెమెరాలన్నీ తన కళ్లేనని విజేందర్ నమ్మకం. నిజానికి ఎరువుల దుకాణంలో అతను బిగించిన కెమెరాకు సీలింగు ఫ్యాను తప్ప ఇంకేమీ కనిపించదు. దాన్ని అతను 'పై నుంచి వచ్చే దొంగల కోసం' అంటాడు.

స్పీకర్ నొక్కాడు. కౌసల్యమ్మ గొంతు దుకాణమంతా మోగింది.

"విజేందరూ! జల్ది రా! డీప్‌ల పెట్టింది మొత్తం పలిగిపోయింది! నురుగులు కక్కుతాంది!"

ఫోన్ కట్.

మా దిక్కు పాలు విరిగినా, మీగడ విరిగినా 'పలిగింది' అంటారు. కుండ పగిలినా అదే మాట. తల పగిలినా అదే మాట. ఈ మూడింటిలో విజేందర్ తలను ఎంచుకున్నాడు.

"తల పలిగింది. నోట్లెకెళ్లి నురుగులు. శవం డీప్ ఫ్రిజ్‌ల." లేచి నిలబడ్డాడు. పెళ్లి కుదిరిన వాడి మొహంలా వెలిగిపోతోంది అతని మొహం. "జానయ్యా, మనకు మర్డర్ దొరికిందిరా!"

"వాళ్ల డీప్‌ల కిలో బటానీ పెడితె మూత వడదు. మనిషెట్ల వడతడు?"

"ముక్కలు," అన్నాడు విజేందర్ గంభీరంగా.

డిటెక్టివ్ అన్నాక పొడుగు కోటు ఉండాలి. విజేందర్ దగ్గర ఉన్నది రెయిన్ కోటు. మే నెల, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. అతను దాన్ని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. చేతులకు తొడుక్కునే గ్లౌజులకు బదులు చట్నీ పార్సిల్ చేసే పాలిథిన్ సంచులు. బైకు మీద నా ముందు కూర్చున్న అతన్ని చూస్తే ఇడ్లీ పాత్రలో ఉడుకుతున్న మనిషిలా ఉన్నాడు.

వెళ్తున్న ఇల్లు నాకు కొత్త కాదు. రఘుపతి సార్‌ది. తెలుగు పండితుడిగా రిటైరైన పెద్దమనిషి. కౌసల్యమ్మ ఆయన భార్య. వాళ్ల వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేది మెర్సీ, మా చిన్నాయన బిడ్డ. ఆమె మొగుడు బెంజమిన్ ఊరవతల సోలార్ ప్లాంటులో సూపర్‌వైజరు. మెర్సీ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఆ పోర్షన్ దొరకడానికి ముందు మొగుడూ పెళ్లాం ఊరంతా తిరిగారు. ఇళ్లవాళ్లు ముందు పేరడిగేవాళ్లు. పేరు చెప్పాక ఏ చర్చి అని అడిగేవాళ్లు. ఆ తర్వాత, నిన్ననే ఎవరికో మాట ఇచ్చామనేవాళ్లు. ఏమీ అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టింది రఘుపతి సార్ ఒక్కరే. మధ్యవర్తిగా ఆయన దగ్గరికి తీసుకెళ్లింది నేను.

అందుకే గడపలోనే కౌసల్యమ్మ నన్ను పట్టుకుని, "జానయ్యా, మీ చెల్లె ఏం జేసిందో సూడు!" అనగానే ఈ పోర్షన్ కూడా పోతుందనుకున్నాను.

"శవం ఎక్కడ?" అన్నాడు విజేందర్.

"ఎవరి శవం?"

"తల పలిగింది అన్నరు గద!"

"తల గాదు, సౌర్ క్రీమ్!"

విజేందర్ రెయిన్ కోటు ఒక్కసారిగా వాలిపోయింది. కానీ క్షణమే. వంటింటి నేల మీద పాకుతున్న నురగ చూడగానే మళ్లీ నిక్కపొడుచుకుంది.

వంటింట్లో మెర్సీ కవ్వం పట్టుకుని బొమ్మలా నిలబడి ఉంది. మోచేతుల దాకా నురగ. హాల్లో రఘుపతి సార్ పడక్కుర్చీలో, తడి తువ్వాలు దవడల చుట్టూ కట్టుకుని మూలుగుతున్నారు. నిన్నటి నుంచి పన్ను నొప్పట.

"మొదటి నుంచి చెప్పు," అన్నాడు విజేందర్ మెర్సీతో. "అబద్ధం చెప్పినవో, నా కన్ను కనిపెడతది."

"ఏ కన్ను అన్నా? నువ్వు కండ్లద్దాలు దుకాణంలనే మరిచొచ్చినవు," అంది మెర్సీ. తర్వాత నా వైపు తిరిగి చెప్పింది. "అమ్మ వాళ్ల మనుమరాలు అక్షిత ఆదివారం వస్తాంది గద, పుట్టినరోజుకు. సౌర్ క్రీమ్ కేక్ కావాలన్నదట. కొత్తకోటల సౌర్ క్రీమ్ యాడ దొరుకుతది? అమ్మ బర్రెపాల మీగడ ఇస్తే, చెంచెడు పెరుగేసి పులియబెట్టిన. పుల్ల మీగడనే సౌర్ క్రీమ్ అంటరు, అంతే. బర్రె వట్టిపోతాందని ముందే జేసి డీప్‌ల పెట్టినం."

"గడ్డ కట్టింది?"

"రాయి లెక్క. నిన్న రాత్రి తీసి కింది అరల పెట్టిన, మెల్లగ కరుగుతదని. కరిగినంక ఎట్లనన్న పలుగుతది. నీళ్లు వేరు, పలుకులు వేరు. అది మామూలే. వట్టిగ తినడానికి బాగుండదు గాని, గిలక్కొడితే కేకుల మంచిగ కలుస్తది. అందుకే పొద్దుగాల్ల కవ్వం పెట్టిన. పెట్టినంక..." మెర్సీ నేల వైపు చూపించింది. "గిది."

నేల మీద 'గిది' బుస్సుమంది.

కౌసల్యమ్మ కళ్లు తుడుచుకుంది. "బర్రె మళ్ల ఈనేదాక చుక్క మీగడ లేదు. మనుమరాలు డాక్టర్ పరీక్ష రాసి వస్తాంది. దానికింత కేకు గూడ పెట్టకుండ ఎవరో చేతబడి జేసిన్రు!"

"చేతబడి కాదు మేడమ్. విషం!" విజేందర్ ఒంగి, చట్నీ సంచి తొడిగిన వేలితో నురగ తీశాడు. "ప్రపంచంల ఉన్న విషాలన్నిటిని నాలుక మీదనే గుర్తువట్టే మనిషి ఒక్కడే."

"వద్దురా," అన్నాను.

నాకాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. మాటకు బదులు నోట్లోంచి ఒక బుడగ వచ్చింది. గుండ్రంగా, రంగురంగులుగా, గాల్లోకి లేచి, కౌసల్యమ్మ ముక్కు మీద పగిలింది.

"జానయ్యా..." ఇంకో రెండు బుడగలు. "నేను పోతున్న. నా కెమెరాలను మంచిగ సూసుకో. పాస్‌వర్డ్ ఎవ్వలికి చెప్పకు."

"నాకే తెల్వదు గదరా!"

"ఒకటి రెండు మూడు నాలుగు," అని చెప్పి గోడకు జారగిలబడ్డాడు.

కౌసల్యమ్మ ఉప్పేసిన మజ్జిగ చెంబెడు తాగించింది. అతను ఇల్లదిరేటట్టు తేన్చాడు. ఆ తేన్పుతో పాటు ఒక పెద్ద బుడగ బయటికి వెళ్లింది, మరణం కూడా వెళ్లింది.

"నా ఒళ్లు విషానికి అలవాటు వడ్డది," అని లేచి రెయిన్ కోటు దులుపుకున్నాడు. "మామూలు మనిషైతే ఈపాటికి ఫోటోకు దండ వడేది."

దర్యాప్తు సాగింది. ముందు కెమెరా. ఆ ఇంటి వంటింటి వెనక విజేందర్ స్వయంగా బిగించిన కెమెరా ఒకటి ఉంది. ఫోన్‌లో దాన్ని తెరిచి అందరం చుట్టూ మూగి చూశాం. బర్రె కనబడింది. ముందుకు జరిపాడు. బర్రె నెమరు వేసింది. ఇంకా జరిపాడు. బర్రె పడుకుంది.

"వంటిల్లు యాడ?" అన్నాను.

"వంటిల్లు ఎందుకురా? వంటింటి దిక్కు ఎవడు సూస్తున్నడో సూడు. నిన్న పొద్దుగాల నుంచి బర్రె కన్ను అటే ఉన్నది. దానికి అంత తెలుసు." నిట్టూర్చాడు. "నోరు లేదు. అదే మన దురదృష్టం."

తర్వాత భూతద్దం. గిన్నెలో గాలించి గాలించి ఒక వెంట్రుక బయటికి తీశాడు. పొట్టిది. తెల్లది.

"తెల్ల వెంట్రుక!" అన్నాడు. "ఈ ఇంట్ల తెల్ల వెంట్రుకలు ఎవరికున్నయి?"

"నాకు లేవు!" అంది కౌసల్యమ్మ అదిరిపడి. ఆమె జుట్టు బొగ్గులా నల్లగా ఉంది, చెవుల దగ్గర చర్మంతో సహా. "ఒక్కటంటె ఒక్కటి లేదు! బర్రెదైతది!"

"బర్రె నల్లగుంటది గద అమ్మా," అంది మెర్సీ.

"ముసలిదైంది!"

మేడమ్ మాట కొట్టేయడం మర్యాద కాదని విజేందర్ ఆ వెంట్రుకను కిటికీలోంచి ఊదేశాడు. కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అలా కొత్తకోట గాలిలో కలిసిపోయింది.

ఇక వంటింట్లో పచార్లు మొదలుపెట్టాడు. మూడో పచారులో ఠక్కున ఆగాడు. నాకు భయం వేసింది. అతను ఆగినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది.

"సౌర్ క్రీమ్," అన్నాడు మెల్లగా. "సౌర్. సౌర. జానయ్యా, సౌర అంటె ఏంది?"

"పుల్లగ అని ఇప్పుడే చెప్పింది గద."

"అది పైకి చెప్పే అర్థం. లోపలి అర్థం? సౌర విద్యుత్! సౌర శక్తి! సౌర అంటె సూర్యుడు!" రెయిన్ కోటు గుండీ ఒకటి ఎగిరి పోపుల డబ్బాలో పడింది. "బెంజమిన్ పని చేసేది యాడ?"

జవాబు కోసం ఆగకుండా తనే అందుకున్నాడు.

"సోలార్ ప్లాంటుల! కనెక్షన్ దొరికింది! సోలార్ పలకల మీద పూసే రహస్య రసాయనం. దాన్ని దొంగతనంగ తెచ్చి ఈ డబ్బల దాచిన్రు. సల్లగుండాలె, అందుకే డీప్! కొత్తకోటల అంతర్జాతీయ ముఠా!"

"అన్నా, అది పుల్ల మీగడ అన్నా," అంది మెర్సీ ఏడుపు గొంతుతో. "వాళ్ల బర్రెదే! బర్రె గూడ ముఠాలనే ఉందా?"

"బర్రె సంగతి తర్వాత తేలుస్త."

నవ్వి ఊరుకునే వాణ్ని. కానీ కౌసల్యమ్మ నవ్వడం లేదు. ఆమె చూపు వెనక పోర్షన్ వైపు పోయింది. ఆ చూపు నాకు తెలుసు. మెర్సీకి ఇంకా బాగా తెలుసు.

చెల్లెల్ని కాపాడాలని నేను నోరు తెరిచాను. అదే నేను చేసిన తప్పు.

"విజేందర్, జర వాసన సూడు. రసాయనం గాదు, ఏం గాదు. ఇది గడ్డం గీసుకునే సబ్బు వాసన. గంధపుది. మా బాపు వాడేటోడు."

విజేందర్ వాసన చూశాడు. అతని మొహం మీదికి చిరునవ్వు వచ్చింది.

"శభాష్ జానయ్యా. నీ అంతట నువ్వే ఒప్పుకున్నవు. గడ్డం సబ్బు. మరి ఈ ఇంట్ల గడ్డం గీసుకునే మొగోళ్లెవరు? సార్ గీసుకోడు."

అది నిజం. ఉగాదినాడు కౌసల్యమ్మ కురుమూర్తి స్వామికి మొక్కింది. మనుమరాలు అక్షితకు మెడికల్ సీటొస్తే, జాతరనాడు తన భర్త గడ్డం సమర్పిస్తానని. మొక్కింది ఆమె, మొలిచింది ఆయనకు. ఆ గడ్డానికి బ్లేడు తగిలితే సీటు పోయినట్టే అని వాడకట్టంతటికీ తెలుసు.

"కాబట్టి మిగిలింది బెంజమిన్!" అన్నాడు విజేందర్.

"బెంజమిన్‌కు ఇంత గడ్డమున్నది గదరా! పెండ్లప్పటి నుంచి గీసుకోలే."

"అదే చెప్తున్న! గీసుకోనోడి దగ్గరనే గద సబ్బు మిగిలేది!"

ఈ వాదానికి జవాబు ఏ కోర్టులోనూ లేదు.

కౌసల్యమ్మ కొంగు నడుముకు చుట్టింది. "జానయ్యా, నీ మొఖం సూసి ఇన్నొద్దులు ఊకున్న. అందరు ముందే చెప్పిన్రు, ఎవల్లకు వడితే వాళ్లకు ఇల్లియ్యకున్రి అని. మా ఆయన ఇనలే. పొద్దుమీకేవరకు పోర్షన్ ఖాళీ చెయ్యాలె."

"ఎవల్లకు వడితే వాళ్లమా అమ్మా?" అంది మెర్సీ. "మొన్నటి దాక నా చేతి కేకు ఎవరికి వడితే వాళ్లకు మీరే పంచిన్రు గద!"

"అది వేరు, ఇది వేరు."

"పలిగినంక అట్లనే ఉంటదిలే," అంది మెర్సీ. కవ్వం గట్టు మీద పెట్టేసి, వెనక పోర్షన్‌లోకి వెళ్లిపోయింది.

నేను రఘుపతి సార్ దగ్గరికి పరుగెత్తాను. "సార్, మీరన్న ఒక మాట చెప్పున్రి. ఇల్లిచ్చింది మీరు."

సార్ తువ్వాలు ఇంకా బిగించుకున్నారు. "ఊఁ," అన్నారు.

"మెర్సీ అట్లాంటిది కాదని మీకు తెలుసు."

"ఊఁ ఊఁ," అన్నారు. కళ్లు మాత్రం నా మీద నిలవలేదు. ఫ్యాను చూశారు, క్యాలెండరు చూశారు, కాలి బొటనవేలు చూశారు. పన్ను నొప్పి అంత దారుణంగా ఉంటుందని నేను అనుకోలేదు.

వెనక పోర్షన్‌లో మెర్సీ గిన్నెలు గోనెసంచిలో వేస్తోంది. కేకు ఓవెన్‌ను దుప్పట్లో చుట్టింది.

"ఆగవే, తేలుతది," అన్నాను.

"ఏం తేలుతది అన్నా? మళ్ల ఇంటింటికి తిరిగేది నువ్వా, నేనా? ఈసారి పేరు మాత్రమే అడగరు. ఎందుకు ఖాళీ జేసిన్రు అని గూడ అడుగుతరు. పుల్ల మీగడ నురుగు కక్కింది సార్ అని చెప్పాల్నా?" ఓవెన్ మీద తాడు బిగించి ముడి వేసింది. "సార్ గూడ మాట్లాడలే సూడు. ఆయనొక్కడు 'గాదు' అంటె సాలు."

ఇంతలో వాకిట్లో బైకు ఆగింది. డ్యూటీ దిగి బెంజమిన్ వచ్చాడు, గుండెల దాకా గడ్డంతో. "బావా, ఏంది? సామానెందుకు గడుతున్రు?"

"నీ మీద అంతర్జాతీయ కేసైంది," అన్నాను. ఇంకెలా చెప్పాలో నాకు తెలియలేదు.

విజేందర్ అందర్నీ హాల్లోకి పిలిచాడు. నేరస్తుణ్ని బయటపెట్టే ముందు అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాలట, అది పద్ధతట. సోఫాలో కౌసల్యమ్మ. పడక్కుర్చీలో తువ్వాలుతో సార్. తలుపు దగ్గర గోనెసంచి పట్టుకుని మెర్సీ, పక్కన బెంజమిన్. నేను గోడకు ఆనుకుని దేవుణ్ని తలుచుకుంటున్నాను.

"మిత్రులారా!" అన్నాడు విజేందర్. "ఈ గదిలో ఒక మనిషి ముసుగు వేసుకొని కూర్చున్నాడు. ఆ ముసుగు ఇప్పుడు నేను తొలగించబోతున్నాను!"

సార్ కుర్చీలోంచి సగం లేచారు.

"మీరు కూసోన్రి సార్. పెద్దోళ్లు, పన్ను నొప్పి. మీకేం సంబంధం?" అని విజేందర్ ఆయన భుజం తట్టి కూర్చోబెట్టాడు. "నేను చెప్పేది బెంజమిన్ ముసుగు గురించి. ఆ గడ్డమే ఒక ముసుగు!"

"గుంజి సూడు," అన్నాడు బెంజమిన్.

విజేందర్ గుంజాడు. బెంజమిన్ "అబ్బా" అన్నాడు. గడ్డం రాలేదు.

"గట్టి ముసుగు," అన్నాడు విజేందర్ వెనక్కి తగ్గుతూ. "పర్వాలేదు. ఇప్పుడు నేరం ఎట్ల జరిగిందో కండ్లకు కట్టినట్టు చూపిస్త. నేనే హంతకుణ్ని అనుకోన్రి."

"ఎవర్ని సంపినవు?" అంది కౌసల్యమ్మ.

"మీగడను! ఫ్రిజ్ తెరుస్తున్న. డబ్బ తీస్తున్న. పిల్లి లెక్క నడుస్తున్న..."

మునివేళ్ల మీద వంటింటి గడప దగ్గర నుంచి హాల్లోకి నడవడం మొదలుపెట్టాడు. చేతిలో ఊహాజనితమైన డబ్బా. కళ్లు నేరస్తుడి మీద. నేల మీద ఎవరి కళ్లూ లేవు. పొద్దుటి నుంచి ఎవరూ తుడవని ఆ నురగ ఈలోగా గడప దాటి, సోఫా పక్క నుంచి, పడక్కుర్చీ కాళ్ల దాకా పాకి వచ్చి ఉంది.

"హంతకుడు వెనక్కి తిరిగి సూసిండు. ఎవ్వరు లేరు. నవ్విండు. హ్హ హ్హ హ్హ అని..."

మూడో 'హ్హ' దగ్గర అతని కుడికాలు ఒకవైపు, ఎడమకాలు ఇంకోవైపు ప్రయాణం కట్టాయి. విజేందర్ హాలు పొడవునా జారాడు. రెయిన్ కోటు రెక్కల్లా విచ్చుకుంది. పడిపోతూ చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నాడు.

చేతికి దొరికింది సార్ తువ్వాలు.

ధడేల్!

విజేందర్ కింద ఉన్నాడు. తువ్వాలు అతని చేతిలో ఉంది. అందరి కళ్లూ సార్ మొహం మీద ఉన్నాయి.

ఎడమ చెంప మీద ఉగాది నుంచి పెరిగిన దట్టమైన తెల్లటి అడవి. కుడి చెంప మీద ఏమీ లేదు. మా ఊరి పక్క నుంచి బెంగళూరు పోయే హైవే అంత నున్నగా ఉంది.

కౌసల్యమ్మ సోఫాలోంచి లేచి నిలబడింది.

"నేను చెప్పలే?" అన్నాడు విజేందర్ కింది నుంచే, తువ్వాలు పైకెత్తి. "ముసుగు తొలగిస్తనని చెప్పిన. మొదటి నుంచి నా అనుమానమంత సార్ మీదనే!"

"సప్పుడు జెయ్యకు!" అని అరిచింది కౌసల్యమ్మ. తర్వాత భర్త వైపు తిరిగింది. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. అదే ఎక్కువ భయం పుట్టించింది. "ఏందయ్యా గిది? నా మొక్కు ఏమైంది? ఇంకో దిక్కు యాడవోయింది?"

సార్ తడుముకుని తువ్వాలు కోసం చూశారు. దొరకలేదు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదని అర్థమైనట్టుంది. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తరగతిలో పాఠం మొదలుపెట్టే ముందు చేసినట్టు ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"చెప్త కౌసల్యా. అంత చెప్త. నడుమల మాత్రం అందుకోకు.

"ఎండలు మండుతున్నయి. గడ్డం కింద సెమటకాయలు. గోకి గోకి మెడ పుండైంది. నువ్వేమో గాలి తగిలినా మొక్కు పోతదన్నట్టు సూస్తివి. ఎవ్వలికి కనవడని జాగల, మెడ కిందికెళ్లి వేలెడంత తీసుకుంటె దేవునికి మాత్రం ఏమెరుక అనుకున్న. అదే నాడు నువ్వు అక్షితతోని ఫోన్‌ల అంటున్నవు, డీప్‌ల సౌర్ క్రీమ్ పెట్టినమని. నేను ముప్పై ఏండ్లు తెలుగు జెప్పినోన్ని. క్షౌరం ప్రకృతి, సౌరం వికృతి. పిల్లలకు ఎన్నిసార్లు రాయించిన్నో లెక్క లేదు. ఇంక నాకు వేరే అర్థమెట్ల తడతది? సౌరం క్రీమ్ అంటె గడ్డం గీసుకునే క్రీమే గద! జాతర అయినంక నేను గీసుకుంటనని, ఎండకు మండకుండ సల్లగుండాలెనని, నా కోసమే ముందుగల్ల తెచ్చి డీప్‌ల పెట్టినవనుకున్న. కౌసల్యకు నా మీద ఇంత ప్రేమున్నదా అని కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"గడ్డ తీసి పక్కకు వెట్టిన. కరిగినంక సూస్తె నీళ్లు, పలుకులు. కంపెనీ మంచిది గాదనుకున్న. పుల్లటి వాసనొస్తె, పాతదనుకున్న. నురుగైతె రాలే గాని, పూస్తె సల్లగ, పానం లేచొచ్చింది. వేలెడంత అనుకున్నది బెత్తెడైంది. జిడ్డు గద, బ్లేడు జారింది. ఒక గాటు పడ్డది. దాన్ని సాపు జేద్దమంటె దవడ దాక వచ్చింది. దవడ సాపు జేద్దమంటె చెవు దాక వోయింది. అక్కడ ఆగి సూసుకుంటె డబ్బ సగమైంది. వాడుకున్నది నింపకుంటె బాగుండదని బస్టాండు కాడికి వోయి, గంధం ట్యూబు దెచ్చి, డబ్బల పిండి, చెంచతోని మంచిగ కలిపి మళ్ల డీప్‌ల పెట్టిన. నా మనసుల ఏ పాపం లేదు. సౌరం క్రీమ్‌ల సౌరం క్రీమే కలిపిన.

"పొద్దుగాల్ల మెర్సీ పుల్ల మీగడ అని చెప్తుంటె అప్పుడు సమజైంది. చెప్దమని నోటి దాక వచ్చింది. నోరు తెరిస్తె తువ్వాల జారుతది. తువ్వాల జారితె మొక్కు వాయె, సీటు వాయె, నీ చేతుల నా పానం వాయె. అందుకే ఊఁ అని కూసున్న. జానయ్య వచ్చి అడిగితె గూడ ఊఁ అన్న. ఇల్లు అడగవచ్చిన్నాడు పేరడగలేదని, నా అంత పెద్దమనిషి లేడని ఊరంత చెప్పుకున్న. నా గడ్డం కాడికి వచ్చెవరకు, ఆ పిల్ల గిన్నెలు గోనెసంచిల ఏసుకుంటుంటె చప్పుడు ఇనుకుంట పన్ను పట్టుకొని కూసున్న. సౌరమైంది నా చెంపకు గాదు కౌసల్యా, నా పెద్దరికానికి.

"మెర్సీ, బిడ్డా, ఆ సంచి కిందికి దించు. మీరు యాడికి వోవుడు లేదు. పోయేదుంటె నేను వోత, కొట్టంల మంచమేసుకుంట. బర్రెకు అభ్యంతరం లేదు. మనుమరాలి సీటు అది సదివితె వస్తది, నా చెంప మీది వెంట్రుకలతోని రాదు. గీ మాట ఉగాదినాడే చెప్పాలె, ధైర్యం సాలలే.

"ఇంకొక్క ముచ్చట జెప్త కౌసల్యా, కోపం జేయకు. బతుకంత ఎన్ని సబ్బులు వెట్టి గీసుకున్న గాని, ఈ పిల్ల జేసిన దానంత మెత్తగ ఏది గాలే. బిడ్డా మెర్సీ... ఈ ఎడమదిక్కుది గూడ తియ్యాలె గద. గా డబ్బల అడుగుబొడుగు ఏమన్న ఉన్నదా?"